శుక్రవారం నుంచి మంగళవారం దాకా: సైబర్ దాడుల ముందు ఒంటరి దేశాలు

2016 ఫిబ్రవరి 4, గురువారం. ఢాకాలోని బంగ్లాదేశ్ బ్యాంకులో ఆ రోజు పని ముగిసి ఉద్యోగులు ఇళ్ళకు వెళ్ళిపోయిన తరువాత, ఆ కేంద్ర బ్యాంకు పేరు మీద న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుకు, బ్యాంకులు ఒకదానికొకటి చెల్లింపు సందేశాలు పంపుకునే స్విఫ్ట్ వ్యవస్థ ద్వారా 35 చెల్లింపు ఆదేశాలు వెళ్ళాయి. వాటి మొత్తం విలువ 95.1 కోట్ల డాలర్లు. ఆదేశాలు వెళ్ళిన కంప్యూటరు బ్యాంకుదే, వాడిన లాగిన్లు ఉద్యోగులవే, పంపిన మనుషులు మాత్రం వేరే. ఉద్యోగ దరఖాస్తుల రూపంలో వచ్చిన ఈమెయిళ్ళ ద్వారా 2015 ఆరంభంలోనే లోపలికి చొరబడి, దాదాపు ఏడాదిపాటు చప్పుడు చేయకుండా ఆ బ్యాంకు పనితీరును గమనించిన ఆ ముఠా ఉత్తర కొరియా ప్రభుత్వం తరఫున పనిచేస్తోందని, 2018లో పార్క్ జిన్ హ్యోక్ అనే ప్రోగ్రామర్ మీద మోపిన అభియోగాలలో అమెరికా న్యాయశాఖ వివరంగా రాసింది.

ఈ దొంగతనం ఎలా జరిగిందన్న కథ చాలామంది చదివే ఉంటారు. నన్ను ఇన్నేళ్ళుగా పట్టి పీడిస్తున్న ప్రశ్న వేరే. ఏదో తేడా జరిగిందని ఢాకాలో అనుమానం పుట్టిన క్షణం నుంచి ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఆ డబ్బు చేతులు మారిన క్షణం దాకా మూడు రోజుల సమయం ఉంది. బ్యాంకింగ్‌లో మూడు రోజులంటే చాలా పెద్ద వ్యవధి. ఆ మూడు రోజులలో మూడు దేశాల బ్యాంకులు ఒకదానితో ఒకటి ఒక్క మాట చెప్పుకోలేకపోయాయి. ప్రభుత్వాల అండ ఉన్న సైబర్ దాడులను దేశాలు కలిసికట్టుగా ఎదుర్కోవాలని ప్రతి అంతర్జాతీయ వేదిక మీదా వింటున్నాం. ఆ సహకారాన్ని సంతకాల సంఖ్యతో కొలవడం మానేసి గంటలతో కొలవడం మొదలుపెట్టాలన్నది నా వాదన. ఒక దేశంలో కనిపించిన ప్రమాదం మరో దేశంలో నిర్ణయం తీసుకోగల అధికారికి ఎన్ని గంటలలో చేరుతుంది, ఆయన ఎన్ని గంటలలో ఆ డబ్బును ఆపగలడు అన్నవే అసలైన కొలతలు.

ఆ రోజుల క్రమం చూడండి. బంగ్లాదేశ్‌లో శుక్ర, శనివారాలు వారాంతపు సెలవులు. శుక్రవారం ఉదయం పరిమిత సిబ్బందితో తెరిచిన స్విఫ్ట్ గదిలో, రాత్రి లావాదేవీల నకళ్ళను తనంతట తానే ముద్రించే ప్రింటరు పనిచేయలేదు. మామూలు మొరాయింపే అనుకున్నారు. శనివారం దాన్ని ఎలాగో పనిచేయించగానే, అసలు తాము పంపని చెల్లింపుల గురించి న్యూయార్క్ నుంచి వచ్చిన సందేహాలు బయటపడ్డాయి. అప్పుడు ఈమెయిలు పంపారు, ఫ్యాక్సు పంపారు, ఫోను చేశారు. న్యూయార్క్‌లో అది శనివారం, అక్కడ సెలవు. ఆదివారం ఢాకా పనిచేస్తుంది, న్యూయార్క్ పనిచేయదు. సోమవారం న్యూయార్క్ తెరుచుకుంది కానీ ఆ రోజు చైనా నూతన సంవత్సరం, మనీలాలో బ్యాంకులకు సెలవు. చెల్లింపు ఆపమంటూ ఢాకా పంపిన సందేశాలు అక్కడి ఆర్‌సీబీసీ బ్యాంకు వరుసలో పడి ఉన్నాయి. మంగళవారం బ్యాంకు తెరిచిన తరువాత, ఆ సందేశాలు అక్కడ ఉండగానే, మకాటిలోని జూపిటర్ స్ట్రీట్ శాఖ నుంచి డబ్బు బయటికి వెళ్ళిపోయింది.

బ్యాంకు ఉద్యోగంలో కొన్నేళ్ళు విదేశీ మారక విభాగంలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ ప్రింటరు సంగతి నాకు చిన్న వివరంగా కనిపించదు. స్విఫ్ట్ సందేశాన్ని ఒకరు తయారుచేస్తారు, ఇంకొకరు సరిచూస్తారు, కొన్ని చోట్ల మూడో వ్యక్తి విడుదల చేస్తాడు. మేకర్, చెకర్ అని మేము పిలుచుకునే ఈ కట్టడి అంతా సందేశం వెళ్ళే ముందు సంగతి. వెళ్ళిన తరువాత మిగిలే సాక్ష్యాలు రెండే: ముద్రితమైన నకలు, మరునాడు విదేశీ బ్యాంకు నుంచి వచ్చే నోస్ట్రో ఖాతా (అక్కడ మన బ్యాంకుకు ఉన్న ఖాతా) పట్టిక. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని ప్రతి వరుసకూ టిక్కు పెట్టుకుంటూ పోవడమే ఉదయం పూట మొదటి పని. ఢాకాలో దాడి చేసినవారు సరిగ్గా ఆ పనినే దెబ్బతీశారు. బీఏఈ సిస్టమ్స్ పరిశోధకులు 2016 ఏప్రిల్‌లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, వారు చొప్పించిన మాల్వేరు (హానికర ప్రోగ్రాము) స్విఫ్ట్ సాఫ్ట్‌వేర్‌లో కేవలం రెండు బైట్లు మార్చి ఒక ముఖ్యమైన తనిఖీని నిర్వీర్యం చేసింది. డేటాబేసులో ఉన్న లావాదేవీల జాడను చెరిపింది. ప్రింటరుకు వెళ్ళే నకళ్ళను తారుమారు చేసింది. రోజువారీ సరిచూసే అలవాటును లోపలి నుంచి ఎరిగినవాడు రాసిన ప్రోగ్రాము అది.

ఇంకో సంగతి బయటివారికి అంతగా తెలియదు. పొరపాటున వెళ్ళిన చెల్లింపును వెనక్కి రప్పించమని మనం పంపేది ఆజ్ఞ కాదు, అభ్యర్థన. అవతలి బ్యాంకు దాన్ని ఎప్పుడు చదువుతుందో, చదివి ఏం చేస్తుందో వారి ఇష్టాన్ని, వారి దేశపు చట్టాన్ని బట్టి ఉంటుంది. లబ్ధిదారు ఖాతాలో జమ అయిపోయిందంటే అతని సమ్మతి కావాలంటారు, లేదా కోర్టు ఉత్తర్వు కావాలంటారు. అవతలివైపు ఫోను ఎత్తే మనిషి, అతని పేరు, నేరుగా మోగే నంబరు మన దగ్గర ఉన్నప్పుడే ఆ అభ్యర్థనకు ప్రాణం ఉంటుంది. రోజూ వ్యవహారం నడిచే బ్యాంకుతో ఆ పరిచయం ఉంటుంది. ఎన్నడూ పేరు వినని ఊరిలోని ఎన్నడూ పేరు వినని శాఖతో ఉండదు. దొంగలు ఎంచుకునేది అలాంటి శాఖనే.

ఇదంతా చూశాక ఒక దేశం చేయించే దాడికీ సాధారణ నేరగాళ్ళ దాడికీ ఉన్న తేడా అర్థమవుతుంది. మనీలాలో డబ్బు వచ్చి పడిన నాలుగు ఖాతాలను దొంగ గుర్తింపు కార్డులతో, ఒక్కొక్క దానిలో 500 డాలర్లు వేసి, 2015 మేలోనే తెరిచారు. తొమ్మిది నెలలపాటు వాటిని ముట్టుకోలేదు. మూడు దేశాల సెలవులు ఒకదాని వెనుక ఒకటి వచ్చే వారం కోసం ఆగారు. నెలనెలా జీతం ఇచ్చి, ఏడాది తరువాత ఫలితం అడిగే యజమాని వెనుక ఉన్నప్పుడే అంత ఓపిక సాధ్యం. అలాంటి ప్రత్యర్థి ముందు ఒక బ్యాంకు ఎంత జాగ్రత్తగా ఉన్నా చాలదు. ఢాకాలో ఫైర్‌వాల్ సరిగా లేదని, చౌకరకం స్విచ్చులు వాడారని తరువాత ఎందరో ఎత్తిపొడిచారు. ఆ విమర్శలో నిజం ఉంది. కానీ ఢాకా తలుపు ఎంత గట్టిదైనా, ఆ వారం న్యూయార్క్‌లో ఫోను ఎత్తేవారు లేకపోవడాన్ని అది సరిచేయలేదు.

చివరికి 35 ఆదేశాలలో ఐదు గట్టెక్కాయి, 10.1 కోట్ల డాలర్లు బయటపడ్డాయి. మిగిలిన 30 ఆగింది ఎవరో దొంగతనాన్ని పసిగట్టినందువల్ల కాదు. శాఖ చిరునామాలోని ఒక పదం ఆంక్షల జాబితాలోని మరో పేరుతో కలవడంతో కంప్యూటరు వాటిని పక్కన పెట్టింది. శ్రీలంకకు వెళ్ళిన 2 కోట్ల డాలర్లు లబ్ధిదారు పేరులోని అక్షరదోషం వల్ల, అక్కడి బ్యాంకువారి అప్రమత్తత వల్ల తిరిగి వచ్చాయి. మనీలా చేరిన 8.1 కోట్లు కాసినోలలో కలిసిపోయాయి. అందులో సుమారు 1.5 కోట్లు మాత్రమే ఆ తొలి ఏడాదిలో బంగ్లాదేశ్‌కు తిరిగి దక్కాయి. బంగ్లాదేశ్ బ్యాంకు గవర్నరు మార్చి నెలలో రాజీనామా చేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తన దగ్గర ఖాతాలున్న కేంద్ర బ్యాంకుల అత్యవసర ఫోన్ల కోసం న్యూయార్క్ ఫెడ్ ఆ తరువాత 24 గంటల హాట్‌లైను పెట్టింది. ఒక ఫోను, ఒక కుర్చీ, వంతులవారీగా కూర్చునే కొందరు మనుషులు: ఇంత తక్కువ ఖర్చుతో అయ్యే ఏర్పాటు అది.

దీనికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ముందు జరిగినది. 2015 జనవరిలోనే ఈక్వడార్‌లోని బాంకో దెల్ ఆస్ట్రో నుంచి స్విఫ్ట్ లాగిన్లను దొంగిలించి సుమారు 1.2 కోట్ల డాలర్లు కాజేశారు. ఆ సంగతి స్విఫ్ట్ సంస్థకు సకాలంలో తెలియలేదు. బ్యాంకు వేసిన దావా ద్వారా 2016లో లోకానికి తెలిసింది. 2015 చివరి నెలలలో వియత్నాంలోని తియెన్ ఫోంగ్ బ్యాంకు ఇలాంటి ప్రయత్నాన్నే పసిగట్టి ఆపగలిగింది. ఆ విషయాన్ని వారు బహిరంగంగా చెప్పింది 2016 మేలో, అంటే ఢాకా దోపిడీ జరిగిన మూడు నెలలకు. హనోయిలో ఆగిన దాడి వివరాలు ఆ డిసెంబరులోనే అన్ని కేంద్ర బ్యాంకులకూ చేరి ఉంటే, ఫిబ్రవరి 5న ప్రింటరు మొరాయించినప్పుడు ఢాకా ఉద్యోగికి వేరే ఆలోచన వచ్చి ఉండేదేమో.

దెబ్బతిన్నవాడు దాచుకోవడానికి కారణాలు నాకు తెలియనివి కావు. బ్యాంకుకు పరువే పెట్టుబడి. లోపలికి ఎవరో చొరబడ్డారని ఒప్పుకుంటే డిపాజిటర్లు బెదురుతారు, నియంత్రణ సంస్థ జరిమానా వేస్తుంది, పై అధికారి పదోన్నతి ఆగుతుంది. కాబట్టి చెప్పమని బతిమాలితే చాలదు, చెప్పినవాడికి నష్టం లేని మార్గం చూపాలి. ఆ మార్గం ఒకటి మన హైదరాబాద్‌లోనే ఉంది. మాసాబ్ ట్యాంక్ దగ్గర రిజర్వ్ బ్యాంకు నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ 2014లో ఐబీ-కార్ట్ అనే ఏర్పాటును మొదలుపెట్టింది. ఒక బ్యాంకులో దాడి జరిగితే, ఆ బ్యాంకు పేరు బయటపడకుండా దాడి ఆనవాళ్ళు మాత్రం మిగిలిన బ్యాంకుల భద్రతా అధికారులకు చేరతాయి. 2016 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు ఇంకో అడుగు వేసి, సైబర్ సంఘటనలను 2 నుంచి 6 గంటలలోపు తనకు తెలపాలని బ్యాంకులను ఆదేశించింది. గుట్టు కాపాడుతూనే గంటలలో చెప్పించడం సాధ్యమేనని మనకు అనుభవపూర్వకంగా తెలుసు. ఆ అనుభవం మన సరిహద్దు దగ్గర ఆగిపోతోంది.

సరిహద్దు దగ్గర ఆగిపోతే ఏమవుతుందో 2018 ఆగస్టులో పుణెలోని కాస్మోస్ బ్యాంకు చూసింది. ఆగస్టు 10, శుక్రవారం నాడు ఎఫ్‌బీఐ అమెరికా బ్యాంకులకు ఒక రహస్య హెచ్చరిక పంపింది: క్లోన్ చేసిన కార్డులతో ప్రపంచవ్యాప్తంగా ఏటీఎంలను ఖాళీ చేసే పథకం కొద్ది రోజులలో అమలు కాబోతోంది అని. మరునాడు, 11వ తేదీ శనివారం, 28 దేశాలలోని ఏటీఎంల నుంచి కాస్మోస్ ఖాతాదారుల పేరు మీద కొన్ని గంటలలో దాదాపు 80 కోట్ల రూపాయలు డ్రా అయ్యాయి. ఏటీఎం నుంచి వచ్చే ప్రశ్న బ్యాంకు అసలు సర్వరుకు చేరకుండా, దొంగలు నిలబెట్టిన నకిలీ స్విచ్చు మధ్యలోనే ‘సరే, ఇచ్చేయండి’ అని జవాబిస్తూ పోయింది. 13న సోమవారం స్విఫ్ట్ ద్వారా మరో 13.92 కోట్లు హాంకాంగ్‌కు వెళ్ళాయి. మొత్తం నష్టం 94 కోట్ల పైమాట. ఏటీఎంల దగ్గర కార్డులు గీకిన స్థానికులు 11 మందికి 2023లో పుణె కోర్టు శిక్షలు వేసింది. పథకం రచించినవారు ఏ కోర్టు గుమ్మమూ ఎక్కలేదు. ఆ దాడి వెనుక ఉత్తర కొరియా ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం తన నివేదికలో రాసింది. అమెరికా బ్యాంకులకు ఒక రోజు ముందు తెలిసిన ముప్పు, అది పడబోయే ఇంటివారికి తెలిసే దారి ఉండాలని అడగడం అత్యాశ కాదు.

పనిచేసిన ఉదాహరణ కూడా చెప్పాలి. 2017 అక్టోబరులో తైవాన్‌లోని ఫార్ ఈస్టర్న్ ఇంటర్నేషనల్ బ్యాంకు నుంచి ఇదే పద్ధతిలో సుమారు 6 కోట్ల డాలర్లు అమెరికా, కంబోడియా, శ్రీలంకలకు తరలిపోయాయి. బ్యాంకు దాచిపెట్టలేదు, వెంటనే కదిలింది. కొలంబోలో డబ్బు తీసుకోవడానికి బ్యాంకుకు వచ్చినవారిని పోలీసులు పట్టుకున్నారు. దాదాపు మొత్తం సొమ్ము వెనక్కి వచ్చింది. చివరి నష్టం 5 లక్షల డాలర్ల లోపే తేలింది. తైవాన్‌కు ఐక్యరాజ్యసమితిలో స్థానం లేదు, ఇంటర్‌పోల్‌లో సభ్యత్వం లేదు. అయినా ఢాకా పోగొట్టుకున్న అవకాశం తైపేకి దక్కింది. అదే నెలలో నేపాల్‌లోని ఎన్‌ఐసీ ఆసియా బ్యాంకు మీద తిహార్ పండుగ సెలవులలో దాడి జరిగింది. అక్కడ కూడా త్వరగా తేరుకుని వివిధ దేశాల బ్యాంకులను అడ్డుకోమని కోరడంతో ఎక్కువ భాగం తిరిగి వచ్చింది.

ఈ మాట విన్నవెంటనే, అయితే ఒప్పందాలు అక్కరలేదా అని అడుగుతారు. కావాలి. మనీలాలో ఆ మంగళవారం ఎవరైనా ఫోను ఎత్తి ఉన్నా, చట్టం వారి చేతులు కట్టేసి ఉండేది. అక్కడి మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలో అప్పటికి కాసినోలు లేవు. బ్యాంకు ఖాతాల గోప్యత చట్టం ఎంతో కఠినమైనది. ఖాతాలను స్తంభింపజేసే కోర్టు ఉత్తర్వు మార్చి 1న వచ్చింది, అప్పటికి స్తంభింపజేయడానికి ఏమీ మిగలలేదు. 2017లో ఫిలిప్పీన్స్ తన చట్టాన్ని సవరించి కాసినోలను అందులో చేర్చింది. ప్రపంచంలో ఏదో ఒక మూల ఇలాంటి కంత ఉన్నంతకాలం దొంగసొమ్ము అటే పారుతుంది కాబట్టి, కనీస ప్రమాణాలను అందరి చేతా ఒప్పించే ఒప్పందాలు తప్పవు.

నా అభ్యంతరం వాటి నడక మీద, వాటిలోని ప్రాధాన్యాల మీద. సైబర్ నేరాల మీద 2001లో కుదిరిన బుడాపెస్ట్ ఒప్పందంలో భారత్ చేరలేదు. దాని రచనలో తనకు భాగం లేదన్నది, తన సమ్మతి లేకుండా మరో దేశం ఇక్కడి డేటాను చేరుకోగలదన్నది మన దేశపు అభ్యంతరాలు. అవి తీసిపారేయదగినవి కావు. 2015లో ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం బాధ్యతాయుతమైన ప్రవర్తనకు 11 సూత్రాలు రాసింది. ఒకరి కీలక మౌలిక వ్యవస్థలను మరొకరు దెబ్బతీయరాదని, సాయం అడిగిన దేశానికి స్పందించాలని అందులో ఉంది. ఆ సూత్రాలకు తలూపిన ఏడాదిలోపే బంగ్లాదేశ్ లూటీ అయింది. 2024 డిసెంబరు 24న సర్వప్రతినిధి సభ ఆమోదించిన సైబర్ నేరాల ఒప్పందం 2025 అక్టోబరులో హనోయిలో సంతకాలకు వచ్చింది. 40 దేశాలు ధ్రువీకరిస్తే గానీ అది అమలులోకి రాదు. పైగా ప్రభుత్వాలు తమ విమర్శకుల మీద దాన్ని ప్రయోగిస్తాయన్న మానవ హక్కుల సంఘాల భయానికి ఆధారం ఉంది. వీటన్నిటిలో నాకు ఆశ కలిగించినది ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక చిన్న ఏర్పాటు. 2024 మేలో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో దేశాల సైబర్ సంప్రదింపు అధికారుల జాబితా ఒకటి మొదలైంది. ఆపదలో ఎవరికి ఫోను చేయాలో చెప్పే పుస్తకం అది. ఆ నంబరు అర్ధరాత్రి మోగితే ఎత్తే మనిషిని, ఎత్తినవెంటనే ఖాతాను ఆపే అధికారాన్ని కూడా దానికి జతచేయాలి.

ఆ అధికారం ఎంత మేలు చేస్తుందో మన దేశంలోనే చూస్తున్నాం. సైబర్ మోసానికి గురైనవారు 1930కి ఫోను చేస్తే ఫిర్యాదు పోలీసు స్టేషన్ల చుట్టూ తిరగకుండా నేరుగా బ్యాంకుల దగ్గరికి వెళుతుంది. డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు దూకిందో వెంబడిస్తూ చివరి ఖాతాలో దాన్ని పట్టి ఉంచుతారు. మొదటి గంటలో ఫోను చేసినవారికీ మరునాడు చేసినవారికీ దక్కేదానిలో ఎంత తేడా ఉంటుందో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సైబర్ పోలీసులు ప్రతి అవగాహన సభలోనూ చెబుతున్నారు. ముందు ఆపడం, తరువాత విచారించడం అన్న ఈ క్రమం ఒక దేశం లోపల పనిచేస్తున్నప్పుడు, కేంద్ర బ్యాంకు హామీతో వచ్చే అభ్యర్థన మీద మరో దేశంలో 72 గంటల తాత్కాలిక స్తంభనకు ఎందుకు వీలు కాకూడదు? 72 గంటలలో సాక్ష్యం చూపలేకపోతే విడుదల చేయవచ్చు, తప్పుడు అభ్యర్థన అయితే కోరిన దేశమే నష్టపరిహారం కట్టాలని రాసుకోవచ్చు.

ఇక దాడి చేసినవాడి పేరు చెప్పడం గురించి. ఇక్కడ నా అభిప్రాయం మన ప్రభుత్వ వైఖరికి కాస్త ఎడంగా ఉంటుంది. ఉత్తర కొరియా మీద ఆంక్షలను గమనించే ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం ఏళ్ళ తరబడి ఓపికగా పని చేసింది. 2019లో అది 17 దేశాలలో జరిగిన 35 దాడుల వివరాలు సేకరించింది. అందులో మూడు మన దేశంలో జరిగినవి. 2017 నుంచి 2023 దాకా 58 అనుమానిత దాడులలో సుమారు 300 కోట్ల డాలర్లు పోయాయని 2024 మార్చి నివేదికలో రాసింది. అదే నెల 28న భద్రతా మండలిలో రష్యా వీటో చేయడంతో ఆ బృందం పదవీకాలం ఏప్రిల్‌తో ముగిసిపోయింది. చిన్న దేశాలకు అందుబాటులో ఉన్న ఏకైక ఉమ్మడి సాక్షి అలా నోరు మూసుకుంది. దాని స్థానంలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా సహా 11 దేశాలు కలిసి వేరే పర్యవేక్షణ బృందాన్ని ఏర్పాటు చేసుకున్నాయి. అందులో భారత్ లేదు.

2024 జూలై 18న మన దేశపు క్రిప్టో ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన ఆస్తులు పోయాయి. పోయింది మనవాళ్ళ పొదుపు. అది ఉత్తర కొరియా పనేనని 2025 జనవరి 14న సంయుక్త ప్రకటన చేసినవారు అమెరికా, జపాన్, దక్షిణ కొరియా. మన ఇంట్లో పడిన దొంగ పేరును మూడు పరాయి దేశాలు ప్రకటించాయి, ఆ ప్రకటన కింద మన సంతకం లేదు. 2017 మేలో, కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై మాల్వేరు విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అనేక పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకు తాళాలు పడ్డాయి. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా తదితర దేశాలు ఉత్తర కొరియా పేరు చెప్పినప్పుడు కూడా ఆ వరుసలో మనం లేము. ఎవరి పేరూ ఎత్తకపోతే ఎవరితోనూ తగవు ఉండదన్న దౌత్య లెక్క నాకు అర్థమవుతుంది. కానీ పేరు చెప్పని ప్రతిసారీ, దాడికి ధర లేదన్న సందేశం వెళుతోంది.

దీనికి గట్టి ప్రతివాదం ఉంది, దాన్ని దాటవేయను. పేరు చెప్పే పెద్ద దేశాలు తామే మిత్రుల ఫోన్లు వింటాయని 2013లో బయటపడింది. వారి సాక్ష్యాన్ని మనం గుడ్డిగా ఎందుకు నమ్మాలి? నమ్మనక్కరలేదు. తప్పుడు పేరు ఎంత తేలికగా అంటించవచ్చో 2018 ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్ చూపించాయి. ప్రారంభోత్సవం రాత్రి కంప్యూటర్లను కూల్చిన మాల్వేరులో ఉత్తర కొరియా ముఠా వాడే ఆనవాళ్ళు కనిపించాయి. అవి కావాలని అతికించినవని కాస్పర్‌స్కీ పరిశోధకులు నిరూపించారు. 2020 అక్టోబరులో అమెరికా ఆ దాడికి రష్యా సైనిక గూఢచార అధికారుల మీద అభియోగాలు మోపింది. ఒక్క దేశం వేలెత్తి చూపితే నమ్మలేని ప్రపంచంలో, వేర్వేరు శిబిరాల దేశాలు కూర్చుని అవే సాంకేతిక సాక్ష్యాలను ఎవరికి వారు పరీక్షించి ఒకే మాట చెప్పడం కంటే మెరుగైన ఉపాయం లేదు. ఏ కూటమిలోనూ లేని భారత్ చెప్పే మాటకు అక్కడ అదనపు విలువ ఉంటుంది. గూఢచర్యం మానేస్తామని ఏ దేశమూ ఒట్టు వేయదు, ఆ ఒట్టు కోసం ఎదురుచూడనక్కరలేదు. బ్యాంకులను, ఆసుపత్రులను, కరెంటు వ్యవస్థలను కొట్టరాదన్న సన్నని గీత చాలు, దాని మీద శత్రువులతో కూడా మాట్లాడవచ్చు.

నేను కోరేది ప్రపంచమంతా ఒకేసారి కావాలని కాదు. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలతో మొదలుపెట్టవచ్చు. బిమ్‌స్టెక్‌లో బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, భూటాన్, థాయిలాండ్, మయన్మార్‌లతో పాటు మనం ఉన్నాం. ఆ కూటమిలో భద్రత అంశానికి నాయకత్వ బాధ్యత భారత్‌దే. పైన చెప్పిన దాడులలో సగం ఈ దేశాల గుండా నడిచినవే. ఈ దేశాల కేంద్ర బ్యాంకులు కలిసి రేయింబవళ్ళు పనిచేసే ఒక డెస్కును నడపాలి. ఈద్, దీపావళి, తిహార్, సోంగ్‌క్రాన్, సింహళ తమిళ ఉగాది: ఈ దేశాల సెలవుల ఉమ్మడి క్యాలెండరు ఆ డెస్కు గోడ మీద ఉండాలి, ఎక్కువ దేశాలు మూతపడే రోజులలో అక్కడ ఎక్కువమంది కూర్చోవాలి. ఆరు నెలలకొకసారి, ముందుగా చెప్పకుండా, ఒక దొంగ చెల్లింపును సృష్టించి ఎన్ని గంటలలో ఆగిందో కొలిచి ఆ అంకెను ప్రకటించాలి. దాడి ఆనవాళ్ళను బాధితుడి పేరు లేకుండా పంచే పని ఐడీఆర్‌బీటీకి పదేళ్ళుగా అలవాటే కనుక, ఆ భాగాన్ని హైదరాబాద్ నుంచి నడపవచ్చు.

దీనికి కొత్త అంతర్జాతీయ ఒప్పందం కూడా అవసరం లేదు. అనేక దేశాల బ్యాంకింగ్ నియంత్రణ సంస్థలతో రిజర్వ్ బ్యాంకుకు పర్యవేక్షణ సమాచారం ఇచ్చిపుచ్చుకునే అవగాహన పత్రాలు ఇప్పటికే ఉన్నాయి. వాటికి రెండు పేజీల అనుబంధం చేర్చి, మొదటి పేజీలో 72 గంటల స్తంభన నిబంధనను, రెండో పేజీలో ప్రతి దేశంలోనూ ఆ రాత్రి విధులలో ఉండే అధికారి హోదాను, నంబరును రాయాలి. మొదటి సంతకం ఢాకాతో చేయాలి.